మూడుసార్లు బుక్ చేసిన గాలం వేట

నేను ఎక్కడికి బయలుదేరినా ఒకసారి వెనక్కి వస్తాను. కళ్ళజోడు మర్చిపోయో, బీరువాకి తాళం వేశానో లేదోననో, ఏ కారణమూ దొరక్కపోతే గ్యాస్ కట్టేశారా అని అడగడానికో, వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ గుమ్మంలో తేలతాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మా అమ్మ నన్ను చూసే అనేది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఆవిడ మాట ఇంకా అబద్ధం కాలేదు.

మా ఇళ్ళల్లో, బయలుదేరినవాడు వెనక్కి వస్తే వెంటనే మళ్ళీ గుమ్మం దాటకూడదు. కాసేపు కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, అప్పుడు వెళ్ళాలి. ఆ నీళ్ళు తెచ్చే పని మా అమ్మాయిది. మాకు అది ఒక్కతే. ఆరేళ్ళ వయసు నుంచి ఆ పని దానిదే. నేను చెప్పులు కూడా విప్పకుండా వరండాలో నిలబడి బస్సు వెళ్ళిపోతుందని గోల పెడుతుంటే, స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకొచ్చి, "కూర్చో నాన్నా, కూర్చుని తాగు" అనేది. నేను కూర్చునేదాకా గ్లాసు చేతికిచ్చేది కాదు. నేను కుర్చీ అంచున అలా ఆని, రెండు గుక్కలు మింగి, లేచి పరిగెత్తేవాణ్ణి.

ఆ అమ్మాయికి బందరులో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. పడవ లోను కాగితాల కోసం ఆ బ్యాంకు చుట్టూ తిరిగిన అబ్బాయిని రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. పడవల మీద, చేపల మీద బతికే ఇల్లు అతనిది. మాది జగ్గయ్యపేటలో మూడు తరాలుగా కిరాణా హోల్‌సేల్ కొట్టు. నీచు వాసన తగిలిందని గోనెసంచిని కూడా బయట పెట్టించే ఇల్లు. దాని ఫోను వచ్చినప్పుడు కొట్టు ముందు మినుముల లారీ దింపుతున్నారు. విషయం మొత్తం విన్నాను. చుట్టూ హమాలీలు ఉన్నారని కూడా చూసుకోకుండా ఒకే ఒక్క మాట అన్నాను.

"ఇక నా గుమ్మం తొక్కొద్దు."

"సరే నాన్నా" అంది. అంతే. ఏడవలేదు, బతిమాలలేదు. నా కూతురు గదా, పంతంలో నాకేమీ తీసిపోదు. రెండేళ్ళు గడిచినా గుమ్మం తొక్కలేదు. స్నేహితురాలి పెళ్ళికని నందిగామ దాకా వచ్చి, అక్కణ్ణించే తిరిగి వెళ్ళిపోయింది. నందిగామకీ మాకూ బస్సులో ముప్పావుగంట. ఆ సంగతి తెలిసిన రోజు నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని కొట్టుకొచ్చిన వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. చెప్పడం తేలిక.

మా ఆవిడ మాత్రం రోజూ మధ్యాహ్నం దానితో ఫోన్లో మాట్లాడేది. నాకు తెలియదనుకునేది. నేనూ తెలియనట్టే ఉండేవాణ్ణి. భోజనానికి వచ్చినప్పుడు పెరట్లోంచి మాట వినబడితే, చెప్పులు గట్టిగా చప్పుడు చేస్తూ వచ్చేవాణ్ణి, ఫోను పెట్టేసే వీలుంటుందని. ఒకరోజు ఆవిడ ఫోను ఛార్జింగుకి పెట్టి గుడికెళ్ళింది. తియ్యకూడదనుకుంటూనే తీశాను. అమ్మాయి పంపిన ఫోటో ఒకటి ఉంది. సముద్రం పాయ ఒడ్డున సిమెంటు జెట్టీ, దాని ముందు కొత్త బోర్డు. గైడుతో గాలం వేట, ముందుగా బుక్ చేసుకోవలెను, రాడ్డు, ఎర, భోజనం మావే అని రాసి ఉంది. కింద ఫోను నంబరు. హైదరాబాదు నుంచీ బెజవాడ నుంచీ సరదాకి వచ్చేవాళ్ళ కోసం అల్లుడు మొదలుపెట్టిన వ్యాపారమన్నమాట. బోర్డు పక్కన ఎవరూ లేరు. ఎవరైనా ఉంటారేమోనని ఫోటో పెద్దది చేసి అన్ని మూలలూ వెతికాను.

అప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. కొట్లో గల్లా దగ్గర కూర్చుంటే ఐదు నిమిషాలకోసారి లేచి గోడౌన్లోకి వెళ్ళేవాణ్ణి, ఎందుకు వెళ్ళానో తెలియక తిరిగి వచ్చేవాణ్ణి. ఆ అల్లుడన్నవాణ్ణి ఒకసారి చూడాలి అని నాకు నేను చెప్పుకున్నాను. మొహం తెలియని మనిషి మీద రెండేళ్ళుగా కోపం మోయడం చాలా కష్టం, కోపానికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు. చూస్తే ఏదో ఒక వంక దొరుకుతుంది, మనసు కుదురుతుంది అనుకున్నాను. ఇదంతా పైపై మాట. నాకు కావాల్సింది అమ్మాయి. అది నాతో ఇంకా మాట్లాడుతుందా లేదా, అంతే. ఆ సంగతి ఒప్పుకోవడానికి చేపల వేట బుక్ చేయాల్సి వచ్చింది.

కొట్లో ట్రాన్స్‌పోర్టు వాళ్ళ కోసం కొన్న రెండో ఫోను ఉంది. అమ్మాయి వెళ్ళిపోయాక కొన్నది కాబట్టి ఆ నంబరు దానికి తెలియదు. పేరు మా గుమస్తాది పెట్టాను. ఆయనకి చెప్పలేదు, పాపం. ఒక పూటంతా తుడుస్తూ రాస్తూ వాట్సాప్‌లో మెసేజ్ తయారు చేశాను. ఏ కాగితం మీదైనా పైన శ్రీ చుట్టనిదే మా చెయ్యి ముందుకు కదలదు. చీటీ అయినా, ఉత్తరం అయినా, చాకలిపద్దు అయినా అంతే. ఫోనులోనూ అదే అలవాటు. పైన మధ్యలో శ్రీ, కింద ఒక గీత, ఆ కింద, అయ్యా, గాలం వేటకు ఒక మనిషికి బుకింగు కావలెను.

గంటలో జవాబొచ్చింది. ఇంతకుముందు గాలం వేశారా, ఎంతమంది వస్తారు, భోజనం వెజ్జా నాన్‌వెజ్జా అని అడిగారు. వెయ్యలేదు, ఒక్కణ్ణే, వెజ్ అని రాశాను. పంపాక, చేపలు పట్టడానికి వచ్చి పప్పన్నం అడిగేవాణ్ణి ఏమనుకుంటారో అనిపించింది. అవతలి నుంచి "సరేనండి" అని మాత్రం వచ్చింది. ఆదివారం ఖాళీ ఉందన్నారు, ఆ రోజు పోటు బలంగా ఉంటుందట, నీళ్ళు పైకొచ్చే వేళకి చేప ఒడ్డు దాకా వస్తుందట. అడ్వాన్సు పంపి ఊపిరి పీల్చుకున్నాను.

సాయంత్రం క్యాలెండరు చూస్తే ఆ ఆదివారం అమావాస్య. పోటు అమావాస్యకీ పౌర్ణమికీ బలంగా వస్తుందని నాకేం తెలుసు? మేము అమావాస్యనాడు ఊరు దాటం. దాటితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎవరూ దాటలేదు కాబట్టి. రెండు రోజులు గింజుకుని, మా వాళ్ళకి అమావాస్య ప్రయాణం అలవాటు లేదని రాసి బుకింగు వదులుకున్నాను. "అలాగేనండి. విదియనాడు పెట్టమంటారా? పోటు అప్పుడూ బాగానే ఉంటుంది" అని జవాబు. చేపలవాళ్ళకి తిథులు ఎంత బాగా తెలుసో అని ఆశ్చర్యపోయాను గానీ, విదియ మంచిదని ఎందుకు ఎంచారో ఆలోచించలేదు.

విదియనాడు బయలుదేరాను. నందిగామలో మిర్చి చూడ్డానికని ఇంట్లో చెప్పాను. వీధి చివర నుంచి రుమాలు కోసం వెనక్కి వచ్చాను. మా ఆవిడ నీళ్ళు ఇచ్చింది. ఆవిడ గ్లాసు ఇచ్చేసి లోపలికి వెళ్ళిపోతుంది, నేను కూర్చున్నదీ లేనిదీ చూడదు. బెజవాడ బస్సు ఎక్కాను. చిల్లకల్లు దాటి హైవే ఎక్కేసరికి, ఇంక ఎవరూ ఆపరనే ధైర్యమూ, ఇంక ఎవరూ ఆపరనే భయమూ రెండూ కలిగాయి. జెట్టీ మీద అమ్మాయి కూడా ఉంటే? ఉండి, నన్ను చూసి, మొహం తిప్పేసుకుంటే? ఇన్నాళ్ళూ అది నాతో మాట్లాడకపోవడానికి నా మాటే కారణమని నా మీద నేనే కోప్పడుతూ గడిపాను. అది నిజంగానే మొహం తిప్పేస్తే, ఆ తర్వాత కోప్పడటానికి కూడా ఏమీ మిగలదు.

నందిగామ బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. టీ తాగుదామని దిగాను. కండక్టరు విజిల్ వేశాడు, డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. చేతిలో టీ ఉంది, కాళ్ళు కదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది. వెళ్ళిపోయాక మాత్రం కాళ్ళకి ఎక్కడ లేని హుషారు వచ్చి, బస్టాండు చుట్టూ నాలుగు సార్లు తిరిగాను. అమ్మాయి కూడా ఇక్కడిదాకే వచ్చి తిరిగి వెళ్ళిపోయిందని గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. దానికి నేను అన్న మాట అడ్డు. నాకేం అడ్డు?

అక్కడే నిలబడి మెసేజ్ పెట్టాను. కొట్లో పని తగిలింది, ఇంటి దగ్గర నుంచి కదలలేకపోయాను, క్షమించగలరు అని. తొందరలో కూడా పైన శ్రీ మానలేదు. వెనుదిరిగే బస్సు ఎక్కబోతుంటే ఫోను మోగింది. జవాబు చదివాను.

"పర్లేదండి. వెనక్కి వెళ్తున్నారు గదా, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళండి. మళ్ళీ ఎప్పుడైనా రండి."

ఇంటి దగ్గర నుంచి కదలలేదని రాశాను నేను. బయలుదేరినట్టు గానీ, సగంలో తిరిగినట్టు గానీ ఒక్క ముక్క రాయలేదు. మళ్ళీ చదివాను. మూడోసారి చదివేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. బుకింగులు చూసేది అల్లుడు కాదు. మొదటి రోజు నుంచీ, ఆ శ్రీ, దాని కింద మా గుమస్తా పేరు చూసినప్పటి నుంచీ, నాతో మాట్లాడుతున్నది అమ్మాయే. నేనెవరో తెలిసి, నా అబద్ధపు పేరుకి అండి తగిలించి, అమావాస్య వద్దంటే విదియ చూపించింది. ఎదురుపడితే పారిపోతానని తెలుసు కాబట్టి ఒక్కసారి కూడా నాన్నా అనలేదు.

బస్టాండు బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా ఉన్న కొట్లో నీళ్ళ సీసా కొనుక్కుని, కూర్చునే మొత్తం తాగాను. పక్కన కూర్చున్న ముసలావిడ ఒంట్లో బాగాలేదా బాబూ అని అడిగింది. బాగానే ఉందమ్మా అన్నాను. ఆ రోజు అన్నవాటిలో అదొక్కటే నిజం.

మూడో బుకింగుకి తొమ్మిది రోజులు పట్టింది. ఈసారి ఇబ్బంది వేరు. అవతల ఉన్నది ఎవరో నాకు తెలుసు, నాకు తెలిసిందో లేదో దానికి తెలియదు. "అమ్మా" అని టైపు చేసేవాణ్ణి, తుడిచేసేవాణ్ణి. కొట్లో కందిపప్పు అడిగిన వాళ్ళకి పెసరపప్పు కట్టించాను. పాతికేళ్ళుగా మా దగ్గరున్న గుమస్తాని ఊరికే కసురుకున్నాను. ఆయన పేరే వాడుకుంటున్నానని గుర్తొచ్చి, వెంటనే టీ తెప్పించి ఇచ్చాను. ఆయన బెంగపడి, ఇంటి దగ్గర ఏమైనా గొడవా అని మా ఆవిణ్ణి అడిగాడట.

"కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటండీ" అంది మా ఆవిడ. "వెళ్ళాల్సిన చోటుకి వెళ్ళిరాకూడదూ?"

ఎక్కడికని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టాను. శ్రీ, గీత, గుమస్తా పేరు, అన్నీ మామూలే. ఈసారి తప్పకుండా వస్తున్నా అని ఒక్క మాట ఎక్కువ రాశాను. "సరేనండి" అని వచ్చింది. ఆ సరేనండి కింద ఇంకేదో టైపు చేస్తున్నట్టు చాలాసేపు కనిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. ఇద్దరం ఒకటే బాపతు.

బెజవాడలో పనుందని ఇంట్లో చెప్పాను. బయలుదేరే రోజు పొద్దున్నే మా ఆవిడ పెద్ద స్టీలు డబ్బా సంచిలో పెట్టి ఇచ్చింది. బెజవాడలో ఆకలేస్తే తినండి అంది. మూత తీసి చూస్తే సున్నుండలు, అంచు దాకా. అన్ని సున్నుండలు తినే ఆకలి మనిషన్నవాడికి ఉండదు. ఆవిడ మొహం చూశాను, ఆవిడ గోడ మీద బల్లిని చూసింది. అమ్మాయికి సున్నుండలంటే ప్రాణం. ఆ రోజు వీధి మలుపు నుంచి వెనక్కి రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు.

నందిగామలో బస్సు ఆగినప్పుడు ముందు సీటు కడ్డీ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. టీ టీ అని కుర్రాడు కిటికీ దగ్గరకు వచ్చి అరిచినా తల తిప్పలేదు. బస్సు కదిలింది. కీసర టోల్‌గేటు దాటాక గానీ చేతులు వదలలేదు. బెజవాడలో బందరు బస్సు ఎక్కి, బందరులో ఆటో ఎక్కి, చెప్పిన వేళకి అరగంట ముందే జెట్టీ దగ్గర దిగాను. ఎండ, ఉప్పు వాసన, దాని మీద ఎండుచేపల వాసన. రుమాలు ముక్కు దాకా వెళ్ళింది. ఎవరైనా చూస్తారని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

అతను ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, సన్నగా పొడుగ్గా ఉన్నాడు, కాళ్ళకి చెప్పుల్లేవు. నమస్కారమండీ అని, మా గుమస్తా పేరుతో పిలిచి, చేతిలో సంచి అందుకోబోయాడు. నేను ఇవ్వలేదు. వంకలు వెతకడానికి వచ్చినవాణ్ణి కాబట్టి వెతుకుతూనే ఉన్నాను. మాట నెమ్మది. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. నెత్తిమీదకి టోపీ ఇచ్చాడు. రాడ్డు ఎలా పట్టుకోవాలో, చక్రం ఎలా తిప్పాలో చూపించాడు. తర్వాత డబ్బాలోంచి ఎర తీశాడు. రొయ్య ముక్క అనుకుంటాను. అది గాలానికి గుచ్చేటప్పుడు నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు, నా కంట పడకుండా. తిరిగినప్పుడు గాలం అప్పటికే నీళ్ళలో ఉంది, రాడ్డు మాత్రం నా చేతికి ఇచ్చాడు. గంటసేపట్లో నాలుగైదుసార్లు ఎర మార్చాడు, ప్రతిసారీ అలాగే తిరిగాడు. నా వంకల జాబితా అక్కడితో ఆగిపోయింది.

నాకు మాత్రం కుదురు లేదు. లేచి నిలబడేవాణ్ణి, జెట్టీ చివరికి వెళ్ళేవాణ్ణి, ఒడ్డు మీద ఎవరైనా వస్తున్నారా అని చూసేవాణ్ణి. కూర్చోమని అతను రెండుసార్లు మర్యాదగా చెప్పాడు. దారం టక్కున బిగుసుకున్నప్పుడు నేను కంగారుగా చక్రం తిప్పేశాను.

"లాగొద్దండి" అన్నాడు. "అది లాగినప్పుడు మీరు ఆగాలి. అది అలిసినప్పుడు మీరు లాగాలి. తొందరపడితే దారం తెగుద్ది."

ఆగాను. నా జన్మలో ఒక పనిలో ఆగమంటే ఆగింది అదే మొదలేమో. కాసేపటికి జానెడు జెల్ల చేప పైకొచ్చింది, మీసాలతో, గుర్రు గుర్రుమంటూ. ముల్లుంటుంది ముట్టుకోవద్దని చెప్పి, అతనే గాలం విప్పి పట్టుకున్నాడు. ఉంచమంటారా వదలమంటారా అని అడిగాడు. వదిలెయ్యమన్నాను. వంగి నీళ్ళలో వదిలాడు.

"మా ఆవిడా అంతేనండి. మొదటిది వదిలెయ్యమంటది" అన్నాడు.

ఆవిడ ఎక్కడుంటారు అని అడిగాను. సొంత కూతుర్ని ఆవిడ అన్నాను. ఒడ్డున వలలు ఆరేసిన చోటుకి వెనకాల నీలంరంగు డాబా చూపించి, అదే మా ఇల్లండీ అన్నాడు. ఇవాళ బ్యాంకుకి సెలవు పెట్టిందని కూడా చెప్పాడు. చెప్పి, ఎందుకో దారం సరిచేసుకుంటూ పక్కకి జరిగాడు. నేను ఆ నీలం డాబా వంక చూస్తూ కూర్చున్నాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలిస్తే వినబడేంత దూరం. తను రాదు. వెళ్ళాల్సింది నేనే, పిలవాల్సింది నేనే. నా గుమ్మం తొక్కొద్దన్నవాణ్ణి దాని గుమ్మం ముందు ఏ మొహంతో నిలబడను?

భోజనం వేళకి అతనే వెళ్ళి క్యారేజీ తెచ్చాడు. దోసకాయ పప్పు, కారం పెట్టిన వంకాయ కూర, ఆవకాయ, గడ్డ పెరుగు. నేను వెల్లుల్లి తినను. బుకింగులో వెజ్ అని రాశానే గానీ వెల్లుల్లి సంగతి రాయలేదు. కూరలో లేదు. ఆవకాయలో కూడా లేదు. ఆవకాయ వెల్లుల్లి లేకుండా ఎవరూ అప్పటికప్పుడు పెట్టరు. ఎండాకాలంలోనే, ఇంకా బుకింగుల ఊసే లేనప్పుడే, నా కోసమని వేరే జాడీ పెట్టి ఉంచింది. ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను. అతనూ నాతోపాటు అదే పప్పన్నం తిన్నాడు.

పోటు తిరిగిపోయింది, నీళ్ళు వెనక్కి తగ్గాయి. వేట అయిపోయిందండీ అన్నాడు. నేను నీలం డాబా వంక ఒకసారి చూసి, మంచిదండీ వస్తాను అన్నాను. అతను మళ్ళీ రండి అన్నాడు.

రోడ్డు మీద దాకా నడిచాను. ఆటోలు ఆగే చోట వేపచెట్టు కింద నిలబడ్డాను. ఒక ఆటో వచ్చి ఆగింది. ఎక్కబోయి సంచి రెండో చేతిలోకి మార్చుకుంటే బరువు తెలిసింది. సున్నుండల డబ్బా. పొద్దుటి నుంచి అతనికి కూడా ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకున్నది అలాగే ఉంది. దీన్ని తిరిగి జగ్గయ్యపేట పట్టుకెళ్ళి మా ఆవిడకి ఏమని ఇవ్వను? ఎక్కుతారా ఎక్కరా అని ఆటో అతను విసుక్కున్నాడు. ఎక్కనని చెప్పి వెనక్కి తిరిగాను. బతుకంతా వెనక్కి తిరిగిందంతా భయంతోనో అనుమానంతోనో. ఈసారి మాత్రం దాదాపు పరిగెత్తాను.

అతను జెట్టీ మీద రాడ్డులు కట్టగడుతున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చేతులు తుడుచుకుని లేచాడు.

"వెనక్కొచ్చారా మావయ్యగారండీ?" అన్నాడు. "అయితే మంచినీళ్ళు తాగకుండా వెళ్ళకూడదంట గదా. ఇంటికి రండి."

అతని వెనకాల నడిచాను. వలలు దాటాక నీలం డాబా తలుపు తెరిచే ఉంది. మెట్టు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది. కొంచెం చిక్కింది. చేతుల్లో స్టీలు గ్లాసు ఉంది, రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"నోరు జారానమ్మా" అన్నాను. "అలా అని ఉండకూడదు."

దాని కళ్ళు నిండాయి. గ్లాసు మాత్రం చాచలేదు.

"కూర్చో నాన్నా" అంది. "కూర్చుని తాగు."

చెప్పులు విప్పి, లోపలికి వెళ్ళి కూర్చున్నాను.